డాక్టరు బల్ల మీద చేప

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేపల పులుసు పొయ్యి మీది నుంచి దించగానే, ఆ గిన్నె ముందు పీట వేసుకుని కూర్చునే హక్కు మా నాయనమ్మ ఒక్కదానికే ఉండేది. తల ఎవరికి, నడిమి ముక్క ఎవరికి, తోక ఎవరికి అన్నది ఆమె మాటే. గరిటె ఆమె చేతిలో ఉన్నంతసేపు ఇంకెవరూ గిన్నె వైపు చెయ్యి చాపేవాళ్ళు కాదు. అట్లాంటి గరిటె ఒకసారి ఆమె చేతిలో నుంచి పోయింది. దాన్ని ఆమె మళ్ళీ ఎట్లా తెచ్చుకుందో చెప్పాలని ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో భయంగానే ఉంది. అయినా ఈ మధ్య మా ఇంట్లో జరిగినదాని తర్వాత రాయకుండా ఉండలేకపోతున్నాను.

అప్పుడు మా ఇల్లు ఇప్పటి ఎల్బీ నగర్ చౌరస్తాకు కొంచెం లోపలగా ఉండేది. ఇప్పుడు అక్కడ తలెత్తి చూస్తే మెట్రో, ఫ్లైఓవరు తప్ప ఆకాశం కనబడదు గాని, అప్పుడు జొన్నచేలు, రేగుచెట్లు, మధ్యలో పెద్ద సడకు. దిల్‌సుఖ్‌నగర్ పోవడమంటేనే మాకు పట్నం పోయినట్టు. మా నాయన లారీ మీద తిరుగుతూ ఇంట్లో తక్కువగా ఉండేవాడు. ఇంటి పెత్తనమంతా పెద్దనాయనది. వంటింటి పెత్తనం మాత్రం నాయనమ్మది. పెద్దనాయన గొంతు వాకిలి దాకానే, నాయనమ్మ గొంతు వాడ చివరి దాకా అని అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఒక ఎండాకాలం పొద్దున నాయనమ్మ వాకిలి ఊడుస్తూ చీపురు పట్టుకునే కూలబడిపోయింది. గుండెల మీద బండ పెట్టినట్టుంది అంది. ఒళ్ళంతా చెమటలు. పెద్దనాయన ఆమెను రిక్షాలో పడుకోబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ అవతల ఉన్న సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుని పంపించారు. ఇంటికి వచ్చేరోజు డాక్టరు పెద్దనాయనను లోపలికి పిలిచి తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పాడు. ఆ చెప్పినంతసేపూ నాయనమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ లోపలికి రమ్మనలేదు.

పెద్దనాయన గుమ్మంలో అడుగు పెడుతూనే అందరినీ పిలిచి చెప్పాడు.

"డాక్టరు పథ్యం ఉండమన్నడు. ఇగ నీసు బంద్. నూనె బంద్, ఉప్పు బంద్. ముసలి పానం, జావ పోయాలె, మజ్జిగన్నం పెట్టాలె. ఇంకోటి పెట్టినట్టు నాకు తెల్సిందో, ఊకోను."

మా వాళ్ళకు పథ్యం అన్న మాట చెవిలో పడితే చాలు, ముందుగా ఇంట్లో నుంచి పోయేది చేప, మాంసం. జ్వరమైనా, గడ్డ లేచినా, కాలు బెణికినా నీసు బంద్. డాక్టరు ఏమన్నాడు, ఏది వద్దన్నాడు, ఎందుకు వద్దన్నాడు అని అడిగేవాళ్ళే ఉండరు. అడిగితే తినడానికి సాకులు వెతుకుతున్నారంటారు.

పెద్దనాయన చెడ్డవాడు కాదు. అది చెప్పకపోతే తప్పు. మా తాత కూడా ఇట్లాగే గుండెలు పట్టుకుని అదే వాకిట్లో పోయాడు. పెద్దనాయన కళ్ళ ముందే పోయాడు. అందుకే అమ్మ విషయంలో అంత భయం. జావ గిన్నె తనే తెచ్చి, ఊది చల్లార్చి, పక్కన కూర్చుని తాగించేవాడు. అంత ప్రేమగా బంద్ పెడుతుంటే ఎవరు ఎదురు చెప్తారు? పెద్దమ్మ చెప్పలేదు, మా అమ్మ చెప్పలేదు. నాయనమ్మ కూడా కొన్నాళ్ళు నోరెత్తలేదు.

ఆమె నోరెత్తకపోవడం చూసే నాకు భయం వేసింది. ఉప్పు లేని జావ రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది. చేతుల మీద తోలు వేలాడింది. వాడ చివరి దాకా వినబడే గొంతు పక్క మంచం దాకా కూడా వచ్చేది కాదు. ఎవరైనా చూడటానికి వస్తే, ఆమె వింటుండగానే ఆమె గురించి మాట్లాడుకునేవాళ్ళు. తింటున్నదా, లేస్తున్నదా, ఇంకెన్నాళ్ళో అని. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. ఒకసారి నేను తల దువ్వుతుంటే, "పిల్లా, గుండె నొప్పి తగ్గింది గని, నన్ను అప్పుడే కాటికి సాగదోలినట్టున్నరే వీళ్ళు," అంది. నాకు అప్పుడు దాని అర్థం పూర్తిగా తెలియలేదు గాని ఏడుపొచ్చింది.

అట్లా ఉండగా మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజును మావాళ్ళు మిరుగం అంటారు. ఎండలు పోయి వానలు మొదలయ్యే రోజు. ఆ రోజు చేప తినాలని, తింటే ఏడాదంతా రొమ్ములో జబ్బు రాదని మా నమ్మకం. ఏ ఇంటి ముందు నుంచి పోయినా చేపల వాసనే. ఏదో కారణంతో చేప తినని వాళ్ళ చేతిలో ఇంగువా బెల్లం కలిపిన ఉండ పెడతారు. అది తింటే చేప తిన్నట్టే అని సరిపెట్టుకుంటారు.

పెద్దనాయన తెల్లవారగానే చెరువు దగ్గరికి పోయి సంచి నిండా బొచ్చె చేపలు తెచ్చి పడేసి పొలానికి పోయాడు. పెద్దమ్మ, మా అమ్మ పెరట్లో బండ మీద బూడిద వేసి చేపలు రుద్దుతున్నారు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. పెద్దమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమె అరచేతిలో ఇంగువ బెల్లం ఉండ పెట్టింది. "అత్తమ్మా, నోట్లె ఏస్కో. ఇయ్యాల ముక్కలు నేను పంచుత, నువ్వు పరేషాన్ గాకు," అంది పాపం, మంచిగానే.

నాయనమ్మ ఆ ఉండను కాసేపు చూసింది. జబ్బు మనిషి కాదు, ఇంకెవరో లేచినట్టు అరుగు మీది నుంచి లేచింది. ఉండను తీసుకుపోయి అరుగు కింద తిరుగుతున్న కోడికి వేసింది. పెరట్లోకి పోయి ఇంకా కోయని ఒక చేపను ఎత్తుకుని, బాదం ఆకుల్లో చుట్టి, బట్ట సంచిలో వేసుకుంది.

"పిల్లా, నడువు."

"యాడికి అత్తమ్మా?" పెద్దమ్మ చేతిలో చేప జారిపోయింది.

"దవాఖానకు."

"దవాఖానకు చేపెందుకు?"

"దానికి గూడ సుస్తయింది. సూపిచ్చుకొస్త."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. పెద్దనాయన వస్తే ఏం చెప్పాలో అని ఆమె భయం ఆమెది. నాయనమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. నాలుగడుగులు వెయ్యడం, నిలబడటం, మళ్ళీ నడవడం. సడకు దాకా పోయేసరికి ఆమె చెయ్యి నా భుజం మీద బరువుగా పడుతోంది. తిరిగి పోదాం నాయనమ్మా అన్నాను. "ఇప్పుడు తిరిగితె ఇంకెప్పుడు గా మంచం దిగను," అంది.

బస్సులో మా పక్క సీట్లన్నీ ఖాళీ అయిపోయాయి. కండక్టరు ముక్కు మూసుకుని వచ్చి, "ఏమవ్వా, గా చేపకు గూడ టికెట్ తీస్కో," అన్నాడు. నాయనమ్మ సంచిని ఒళ్ళోకి లాక్కుని, "అది ఇంక పిల్లది నాయనా, దానికి టికెట్ లేదు," అంది. బస్సంతా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు అంత దూరం వినబడిందని నాకు తెలుసు. నవ్విన వాళ్ళకు తెలియదు.

దవాఖానలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతోంది. కాంపౌండరు అడ్డంగా నిలబడ్డాడు. ఇది దవాఖానా, చేపల బజారా అని అరిచాడు. ఆమె ఆయన చెయ్యి కింది నుంచి దూరి లోపలికి పోయింది. డాక్టరు కోస్తా వైపు ఆయన. కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆమెను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ఆమె వెనక వైపు చూశాడు.

"నీ కొడుకు రాలేదామ్మా?"

"కొడుకు గుండె మంచిగనే ఉన్నది సారు. మంచిగ లేనిది నాది."

ఈ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గట్టిగా అనలేదు, కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. అని, సంచిలో నుంచి చేపను తీసి, ఆకులు విప్పి, ఆయన బల్ల మీద పెట్టింది.

డాక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు. కాంపౌండరు పరుగున వచ్చాడు. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కాసేపు చేప వైపు, కాసేపు ఆమె వైపు చూశాడు.

"బొచ్చె కదూ?" అన్నాడు.

"బొచ్చెనే. ఇది నేను తినొచ్చునా, తినొద్దా? నా మొకం చూసి చెప్పు సారు. తినొద్దంటె ఈన్నే ఇడ్శిపెట్టి పోత."

ఆయనకు నవ్వొచ్చింది గాని, నవ్వి ఊరుకోలేదు. స్టూలు తెప్పించి ఆమెను తన ఎదురుగా కూర్చోబెట్టాడు. ఏం తింటోంది, ఎంత నడుస్తోంది అని అన్నీ ఆమెనే అడిగాడు. చాలా రోజులుగా జావ, మజ్జిగన్నమే అని విని తల పట్టుకున్నాడు. నాడి చూశాడు, గుండె విన్నాడు. తర్వాత ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాడు.

"చేప మానమని నేనెప్పుడన్నానమ్మా? నూనెలో వేయించినవి వద్దన్నాను, ఊరగాయలు వద్దన్నాను. మీవాడు అన్నీ కలిపి కట్టేసినట్టున్నాడు. పచ్చి చేప పులుసు పెట్టుకో, నూనె చుక్క వెయ్యి, ఉప్పు సగానికి తగ్గించు. వారంలో ఒకట్రెండు సార్లు తిను. మాంసం కన్నా తేలిక, నీ వయసుకు బలం, గుండెకి మంచిదే. ముల్లు చూసుకుని తిను, అంతే. ఇంకో మాట. ఎండుచేపలు మాత్రం ముట్టుకోకు. వాటి నిండా ఉప్పే."

నాయనమ్మ మొహం ఒక్కసారిగా మారింది. ఎందుకంటే పులుసు కన్నా, నడిమి ముక్క కన్నా ఆమెకు ప్రాణం ఎండుచేపలే. బొగ్గుల మీద కాల్చుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేది. ఉట్టి మీది కుండలో ఎప్పుడూ దాచి ఉంచుకునేది. "కొంచెం గూడనా సారు?" అని అడిగింది. "కొంచెం కూడా," అన్నాడు ఆయన. ఆమె చేపను మళ్ళీ ఆకుల్లో చుట్టుకుని, బల్ల మీది తడిని తన కొంగుతోనే తుడిచింది.

మేము ఇల్లు చేరేసరికి పెద్దనాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. పులుసు దించి ఉంది గాని ఎవరూ తినలేదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపమో, ఏడుపో చెప్పలేను.

"నడుస్తుంటె తొవ్వల పడిపోతే ఎవలు దిక్కు? డాక్టరు వద్దన్నడని నా చెవులతోని ఇని చెప్పిన గద. నేను అబద్ధమాడిన్నా?"

"అబద్ధమాడలేదు కొడుకా, భయపడ్డవు. నీ భయం నువ్వు మింగు. నా నోటికి ఎందుకు తాళం ఏస్తవు?" అంది నాయనమ్మ. నన్ను ముందుకు తోసింది. "డాక్టరు ఏమన్నడో నువ్వు చెప్పు పిల్లా. అన్నీ ఇన్నవు గద."

నేను బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. పులుసు తినొచ్చు అన్నాడు, నూనె చుక్క, ఉప్పు సగం, వారంలో ఒకట్రెండు సార్లు, ముల్లు చూసుకోవాలి, వేపుడు వద్దు, ఊరగాయ వద్దు. అక్కడ ఆగిపోయాను. ఆమెకు ఏది ఇష్టమో నాకు తెలుసు. అది చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా, ఆమెకు మేలు చేస్తున్నాను అనుకున్నాను.

"ఇంకొకటి ఇడ్శిపెట్టినవు," అంది నాయనమ్మ.

నేను తల దించుకున్నాను.

"చెప్పు బిడ్డా. తినుమన్నది చెప్పి, వద్దన్నది దాస్తె రేపు నా మాట ఎవలు నమ్ముతరు?"

చెప్పాను. ఎండుచేపలు కొంచెం కూడా వద్దన్నాడు. పెద్దనాయన ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. ఆమె లోపలికి పోయి, చెయ్యి ఎత్తడానికి ఓపిక లేకున్నా తనే ఉట్టి మీది కుండ దించి, ఎండుచేపల మూట తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టింది. "మీ తల్లిగారింటికి పంపియ్యి," అంది. అది చూశాక, తను విని వచ్చిన దానికన్నా ఈమె విని వచ్చింది ఎక్కువని పెద్దనాయనకే తెలిసిపోయింది. లోపలికి పోయి ఆమె పీట తనే తెచ్చి గిన్నె ముందు వేశాడు.

గిన్నెలోది మా అందరి కోసం ఉప్పూకారం దండిగా వేసి వండింది. మాతో తిరిగొచ్చిన చేపను ఆమె కోసం మా అమ్మ అప్పటికప్పుడు కోసి చిన్న మట్టి గురిగిలో, డాక్టరు చెప్పినట్టే చింతపులుసుతో ఉడికించింది. అది దిగేదాకా అందరూ ఆగారు. ఆకలితో కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నా ఎవరూ కంచం ముందు వేసుకోలేదు.

నాయనమ్మ గరిటె పట్టుకుంది. ఏటా ఆమె అందరికీ పంచి, ఆఖరికి తోక ముక్కో, వట్టి పులుసో తన కంచంలో పోసుకునేది. ముసలిదాన్ని, నాకెందుకు ముక్కలు అనేది. ఆ రోజు మొట్టమొదటి ముక్క, గురిగిలోని నడిమి ముక్క, తన కంచంలో వేసుకుంది. ఎవరి వైపూ చూడలేదు. తర్వాతే మాకు పంచింది.

పెద్దనాయన తన ముద్ద కలపకుండా ఆమె వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. "మెల్లగ... ముల్లు చూస్కో," అన్నాడు. "నీకు పండ్లు రాకముందు ముల్లు తీసి ముక్క నీ నోట్లె పెట్టింది ఎవలురా?" అంది ఆమె. ముళ్ళు తీసి కంచం అంచున పెట్టుకుంటూ, తొందర లేకుండా, ముక్కంతా తింది. ఆ గొంతు వాడ చివరి దాకా మళ్ళీ వినబడటానికి ఇంకొన్నాళ్ళు పట్టింది గాని, గోడ వైపు తిరిగి పడుకోవడం మాత్రం ఆ రోజుతోనే పోయింది.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నా పెళ్ళి చూసింది, నా కొడుకును ఎత్తుకుంది. చేప తినడం వల్లనే బతికిందని నేను అనను. మందులు వేసుకుంది, ఉప్పు తగ్గించింది, రోజూ సడకు దాకా నడిచి వచ్చింది. ఎండుచేప మళ్ళీ ముట్టలేదు. అవన్నీ కలిస్తేనే అయి ఉంటుంది. ఏది ఎంత పని చేసిందో చెప్పే చదువు నాకు లేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. ఈ మధ్య మెట్లెక్కుతుంటే ఆయాసం, ఎడమ భుజం గుంజడం మొదలైతే నా కొడుకు ఇక్కడే ఎల్బీ నగర్‌లో గుండె డాక్టరుకు చూపించాడు. పండ్ల వ్యాపారం వాడిది. పొద్దున్నే బాటసింగారం మార్కెట్టుకు పోవాల్సినవాడు నా కోసం ఆగిపోయాడు. పరీక్షలు చేశారు, మందులు రాశారు. ఆ మొదటిసారి డాక్టరు వాడితోనే మాట్లాడాడు, నేను ఫోటోలో మనిషిలాగా పక్కన కూర్చున్నాను. ఇంటికి వస్తూనే వాడు చెప్పాడు, "అమ్మా, ఇగ చేపలు గీపలు బంద్." కోడలు గోదావరి వైపు పిల్ల. పులుసు పెట్టిందంటే మెట్ల మీదికి వాసన వస్తుంది. తనూ వాడి పక్కనే నిలబడి, "గుండె జబ్బు అన్నాక నీచు ఎందుకండీ అత్తయ్యగారూ, హాయిగా ఓట్స్ తాగండి," అంది. పేరు మారింది గాని, అది మా నాయనమ్మ తాగిన జావే. వాళ్ళకూ నా మీద ప్రేమే. ప్రేమగా బంద్ పెడితే నోరెత్తలేమని నాకు తెలుసు. నోరెత్తకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

పోయిన వారం మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, ఆయన కాగితం తీసి నా కొడుకు వైపు తిరిగాడు. నేను నా కుర్చీని గర్రుమని ఈడ్చుకుని, వాళ్ళిద్దరి మధ్యలోకి తెచ్చి కూర్చున్నాను.

"నన్ను అడుగుండ్రి సారు. తినేది నేను, మందులు మింగేది నేను. చేప తినొచ్చునా, తినొద్దా?"

"అమ్మా, జర ఆగు," అన్నాడు నా కొడుకు, సిగ్గుపడుతూ.

"ఎందుకు ఆగాలె? వచ్చినప్పటి సంది ఆగుతనే ఉన్న."

డాక్టరు కాగితం కింద పెట్టి నా వైపు తిరిగాడు. పులుసు తినమన్నాడు, ఎంత, ఎట్లా అన్నది చెప్పాడు. దిల్‌సుఖ్‌నగర్ బండి మీద దొరికే చేపల వేపుడు, నాకు చాలా ఇష్టమైనది, అసలే వద్దన్నాడు. ఇంటికి వచ్చి కోడలికి రెండూ చెప్పాను. వేపుడు సంగతి ముందు చెప్పాను. ఆదివారం కోడలు పులుసు పెట్టింది. గరిటె నేనే అడిగి తీసుకున్నాను. మొదటి ముక్క ఎవరి కంచంలో పడిందో రాయనక్కరలేదు.

మా నాయనమ్మ నాకు నగలు ఇవ్వలేదు, పొలం ఇవ్వలేదు. డాక్టరు ముందు కుర్చీ జరుపుకునే ధైర్యం ఇచ్చింది. వద్దన్నది కూడా దాచకుండా చెప్పే నోరు ఇచ్చింది. అవి రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈసారి చేపను మాత్రం సంచిలో తీసుకుపోలేదు. ఇంకోసారి ఆ డాక్టరు నన్ను వదిలేసి నా కొడుకుతో మాట్లాడితే, అదీ తీసుకుపోతాను.